కొండ యెవరిది?



మీమాంసాశాస్త్రమున విశ్వజిత్తను యాగమొకటి గలదు. దానిని చేయువాడు తన సర్వస్వమును దక్షిణగా నొసగవలెను. ఆ ప్రకరణమున జైమినిమహర్షి యొక చిక్కుప్రశ్నను లేవనెత్తెను. యాగము చేయువాడు సార్వభౌముడే యైనచో, తన ధనధాన్యములతోపాటు భూమినిగూడ దానము చేసివేయవచ్చునా? చేయరాదని సిద్ధాంతము. పొలములకు ఆయా స్వాములుందురు గాని మహాపృథివికి స్వామియైనవాడొక్కడును లేడనియు, రాజునకు గలది ప్రజారక్షణమును, అందులకు ప్రతిఫలముగా పంటలో భాగమును మాత్రమే యనియు భాష్యకారుడైన శబరస్వామి వివరించెను. తనది కానిదానిని దానమిచ్చుట యెట్లు?

ఇరువదియేండ్ల ప్రాయమున గురువుగారి సన్నిధిని ఈ యధికరణమును వల్లించితిని. వల్లించితినేగాని, అది యక్కఱకు వచ్చిన దినమున నాకు జ్ఞప్తికి రాలేదు.

1990వ సంవత్సర ప్రాంతమున నేను విశాఖ మన్యమునందలి యొక పాఠశాలలో తెలుగు పండితుడనై యుంటిని. ఒకనాడు సాంఘికశాస్త్రోపాధ్యాయుడు సెలవులోనుండగా ఆ తరగతి నా పాలబడినది. పుస్తకము ముందిడుకొని జిల్లాయందలి ఖనిజసంపదనుగూర్చి చదివి చెప్పుచుంటిని. వెనుకవరుసనుండి కొండదొర బాలుడొకడు లేచి, “కొండ ఎవరిది మాస్టారూ?” అని యడిగినాడు. వాని యూరిప్రక్కనే యా దినములలో మందుపెట్టి రాయి పేల్చుచుండిరి. “సర్కారుది, కూర్చో” అని చెప్పితిని. వాడు కూర్చుండెను. గంట కొట్టిరి.

ఏడేండ్ల పిదప భారతదేశపు సుప్రీముకోర్టు అదే ప్రశ్నను ముందిడుకొని, నాకంటె నెక్కువ జాగ్రత్తతో జవాబు వెదకినది. ఆ వ్యాజ్యెమునుగూర్చియు, ప్రపంచజాతులు మనుష్యుల హక్కులనుగూర్చి వ్రాసికొన్న పత్రములు మన కొండలదాక నడచివచ్చిన త్రోవనుగూర్చియు నేడు మనవి చేసెదను.

మొదట పూర్వకథ. 1839లో కుంఫిణీవారు గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలను సామాన్యన్యాయస్థానముల యధికారమునుండి తప్పించి, కలెక్టరునే గవర్నరునకు ఏజెంటుగా నియమించిరి. మన్యమునకు ‘ఏజెన్సీ’ యను పేరు అట్లు వచ్చినదే. ఇది కొండవారిపై దయచే చేసినది కాదు; జమీందారుల తిరుగుబాటులచే విసిగి చేసినది. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడు నరుకువానిని నేరస్థుని చేసినది. రహదారులు వేయుటకు వెట్టిచాకిరి వచ్చిపడినది. ఉప్పునకును, బట్టకును చేసిన యప్పు క్రింద భూములు మైదానపు వర్తకుల చేతులలోనికి జారిపోవుచుండెను. దీనిని గమనించిన మద్రాసు ప్రభుత్వము 1917లో నొక చట్టము చేసి, కొండజాతివాని భూమి ఏజెంటు అనుమతిలేక యితరులకు చెల్లదని శాసించెను. అయిదేండ్లు గడచునప్పటికి, అనగా 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుఠాణాపై పడెను. చట్టము కాగితముమీద నుండగా వెట్టి వీపుమీద నుండెనని దీనినిబట్టి గ్రహింపవచ్చును. 1924 మే నెలలో ఆయన యసువులు బాసిన కథ తెలుగుదేశమున నెఱుగనివారు లేరు గనుక విస్తరింపను.

స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము తన యయిదవ షెడ్యూలునందు ఈ ప్రాంతములకు ప్రత్యేకరక్షణము కల్పించెను. దాని ననుసరించి 1959లో ఆంధ్రప్రదేశమున భూబదలాయింపు రెగ్యులేషను పుట్టెను. 1970లో దానిని సవరించి మిక్కిలి పదునుపెట్టిరి. ఆ సవరణప్రకారము షెడ్యూలుప్రాంతమున ఏ వ్యక్తియైనను, తాను గిరిజనుడైనను కాకున్నను, తన స్థిరాస్తిని గిరిజనునకో, గిరిజనులే సభ్యులుగా గల సంఘమునకో తప్ప మఱియొకరికి బదలాయించిన యెడల అది చెల్లనేరదు. ‘ఏ వ్యక్తియైనను’ అనుమాటను శ్రోతలు మనస్సున నుంచుకొనవలెనని ప్రార్థన. కథ యంతయు దానిమీదనే నడచును.

ఇక వెలుపలి ప్రపంచము. జెనీవాలోని అంతర్జాతీయ కార్మికసభకు 1927లోనే మన తెలుగువాడు వరాహగిరి వేంకటగిరి కార్మికప్రతినిధిగా వెళ్లియుండెను. 1948 డిసెంబరు 10వ తేదీని పారిసునగరమున ఐక్యరాజ్యసమితి ముప్పది యధికరణముల మానవహక్కుల ప్రకటనను గావించెను. దాని ముసాయిదాలో మొదట ‘పురుషులెల్లరు’ అను నర్థమిచ్చు పదముండగా, మన దేశప్రతినిధియైన హంసా మెహతా పట్టుబట్టి దానిని ‘మానవులెల్లరు’ అని మార్పించెను. ఒక్క మాటకు ఇంత పట్టుదల యెందులకని కొందఱికి దోచవచ్చును. మీమాంస చదివినవానికి దోచదు. స్వర్గము కోరువాడు యాగము చేయవలెనన్నచోట పుంలింగమున్నది గనుక స్త్రీ కధికారము లేదని ఐతిశాయనుడు వాదింపగా, లింగము వివక్షితము కాదు, స్త్రీకిని అధికారమున్నదని సూత్రకారుడు నిర్ణయించెను. అయితే ఆ పాదముననే కొంచెము దిగువను శూద్రునకు యజ్ఞాధికారము లేదని తేల్చుటయు గలదు. ఈ రెండవమాటను దాచి, మన శాస్త్రములయందే మానవహక్కులన్నియు నున్నవని సభలలో చెప్పుట నా బోంట్లకు అలవాటైనది. అది మానుకొనవలసియున్నది.

ఆ ప్రకటనలోని పదునేడవ యధికరణము, ఒంటిగాగాని యితరులతో కలసిగాని ఆస్తి కలిగియుండు హక్కు ప్రతివానికిని గలదనుచున్నది. ‘ఇతరులతో కలసి’ యన్నమాట పట్టణవాసులకు పెద్దగా పట్టదు. ఊరుమ్మడి కొండను నమ్ముకొన్న కొండదొరకు అదియే ప్రాణము. 1957లో అంతర్జాతీయ కార్మికసంస్థ ఆదిమజాతులనుగూర్చి నూటయేడవ యొడంబడికను చేసి, వారు తరతరములుగా నెలవుకొన్న భూములపై వారి స్వామ్యమును, అది యుమ్మడిదైనను విడిదైనను, అంగీకరింపవలెననెను. భారతదేశము 1958లో దానిని ధ్రువపఱచెను. వారిని తక్కినవారిలో కలిపివేయు చూపు అందున్నదని తెలిసికొని ఆ సంస్థయే 1989లో క్రొత్త యొడంబడికను చేసినది; దానిపై మనదేశము సంతకము చేయలేదు. పాతదే మనకు నిలిచినది. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధిహక్కును ప్రకటించెను. ఈ పత్రములెవ్వియు తమంతట తాము ఘాటురోడ్డెక్కి రావు. వాని నెవరో మోసికొని రావలెను.

మోసికొనివచ్చుటకు మార్గమెట్లేర్పడినదో చూడుడు. బైలదిల్లా యినుపరాతిని విశాఖరేవునకు చేర్చుటకై 1960వ దశకమున కొత్తవలస నుండి కిరండోలు వరకు కొండలు తొలిచి రైలుమార్గము వేసిరి. ఆ దారి బొఱ్ఱాగుహలప్రక్కగా పోవును. రైలు వచ్చినచోటికి వర్తకము వచ్చును. అనంతగిరి మండలమున బొఱ్ఱా చుట్టునున్న పల్లెలలో సున్నపురాయి, అభ్రకము మొదలగువానికై గిరిజనేతరులకు ప్రభుత్వము కౌలుపట్టాలిచ్చెను. అచ్చటి కుటుంబములు పెక్కేండ్లుగా సేద్యము చేయుచున్నను వారికి పట్టాలు లేవు. పట్టా లేనివానికి భూమి లేదని కాగితపులెక్క. ‘సమత’ యను స్వచ్ఛందసంస్థ 1993లో వారిపక్షమున హైకోర్టు నాశ్రయించెను. రెగ్యులేషనులోని ‘వ్యక్తి’ యను పదము మనుష్యులకే వర్తించును, ప్రభుత్వము వ్యక్తి కాదు, కావున ప్రభుత్వభూమిని ప్రభుత్వము కౌలుకిచ్చుటకు అడ్డులేదని హైకోర్టు 1995లో వ్యాజ్యెమును కొట్టివేసెను.

1997 జులై 11వ తేదీని సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చినది. న్యాయమూర్తులు కె. రామస్వామి, ఎస్. సగీర్ అహమ్మదుగార్లు ఒక పక్షము, జి. బి. పట్నాయకుగారు వేరుపక్షము. ప్రభుత్వమును ‘వ్యక్తి’ శబ్దమున చేరునని మొదటివారనిరి. గిరిజనుని భూమి యితరుల పాలు గాకుండ కాపాడుటకే ఆ శాసనము పుట్టినది. కావలియున్నవాడే గోడదూకి యిచ్చివేసిన యెడల శాసనమునకు మిగులునదేమి? కావున షెడ్యూలుప్రాంతమున ప్రభుత్వభూమినిగాని, అటవీభూమినిగాని గిరిజనేతరులకును, ప్రైవేటు సంస్థలకును కౌలుకిచ్చుట చెల్లదు. ఖనిజములు తీయదలచినచో ప్రభుత్వ ఖనిజసంస్థయో, గిరిజనుల సహకారసంఘమో తీయవలెను. నికరలాభమున నూటికి ఇరువదిపాళ్లకు తగ్గకుండ ఆ ప్రాంతపు విద్య, వైద్యము, నీరు, బాటలు మొదలగువానికై నిధిగా నుంచవలెను. రామస్వామిగారు తీర్పునందు అభివృద్ధిహక్కు ప్రకటనను స్మరించి, దానికంగీకరించిన దేశము దానిని పాటింపకుండరాదనిరి. న్యూయార్కులో వ్రాసిన మాట బొఱ్ఱాకు చేరినది ఆ పుటలోనే.

పట్నాయకుగారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. శాసనకర్తలు ప్రభుత్వమునుగూడ నిషేధింపదలచినచో ఆ మాట స్పష్టముగా వ్రాసియుండెడివారు, వ్రాయనిదానిని న్యాయస్థానము చేర్చరాదని దాని సారము. పదమును పట్టుకొన్నవాడాయన, ప్రయోజనమును పట్టుకొన్నవారు తక్కిన యిద్దఱు. ఈ తగవు మన శాస్త్రములలో రెండువేల యేండ్లనాటిది. మనుస్మృతియు రాజును భూమి కధిపతియని యన్నది గదా! ఆ మాటను పట్టుకొని రాజే స్వామియన్నవారు లేకపోలేదు. నా మనస్సు మాత్రము శబరస్వామి పక్షముననే నిలిచినది.

ఈ విషయములను పరిశోధించినవారును, న్యాయస్థానములలో పోరాడినవారును తెలుగునాట తక్కువవారు కారు. వాల్తేరునందలి ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో న్యాయశాస్త్రము చదివిన పెమ్మరాజు శ్రీనివాసరావుగారు 1987 మొదలు 2006 వరకు ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయన్యాయసంఘమున సభ్యులై, ఒక దేశమున చేసిన పని పొరుగుదేశమునకు హాని చేయకుండ చూచు నియమములను తీర్చి దిద్దిరి. అచ్చటనే ఆచార్యులైన ఆర్. వేంకటరావుగారు మానవహక్కులను బోధించి, పిదప బెంగుళూరు జాతీయ న్యాయకళాశాలకు ఉపకులపతులైరి. అయితే జెనీవాలో గౌరవము పొందిన విద్య వేఱు, తడిసిన కాగితపుమూటతో వచ్చిన రైతు మాట వినుట వేఱు. ఈ రెండవపనికి నిలిచినవారిలో కె. జి. కన్నబిరానుగారిని, బాలగోపాలుగారిని తలపక తప్పదు. బాలగోపాలుగారు గణితాచార్యులైయుండి, ఉద్యోగము విడిచి, న్యాయవాదియై, 2009లో మరణించువరకు మన్యపుభూముల యన్యాక్రమణమునుగూర్చి లెక్కలతో సహా వ్రాసిరి. లెక్కలు తెలిసినవాడు హక్కులనుగూర్చి వ్రాసినపుడు ఆవేశము తగ్గి బలము హెచ్చునని ఆయన వ్యాసములు చదివినపుడెల్ల నాకనిపించును.

తీర్పు తరువాతి కథ సుఖాంతము కాదు. పునర్విచారణము కోరిన ప్రభుత్వముల యర్జీలు 2000లో కొట్టివేయబడినవి. ఆ యేడే కేంద్రగనులశాఖ, అయిదవ షెడ్యూలునే సవరించుట మేలని యాలోచనపత్రము వ్రాసెను. 2001లో బాల్కో వ్యాజ్యెమున సుప్రీముకోర్టులోని మఱియొక ధర్మాసనము సమత తీర్పుపై సందేహము వెలిబుచ్చెను గాని, దానిని రద్దుచేయలేదు. ప్రభుత్వసంస్థ త్రవ్వవచ్చునని తీర్పులో విడిచిన చిన్న ద్వారము మాత్రము క్రమక్రమముగా పెద్దదైనది. ప్రభుత్వసంస్థ బాక్సైటు త్రవ్వి ప్రైవేటు కర్మాగారమునకు పంపు నొడంబడికలు 2005లో పుట్టినవి. 2015లో చింతపల్లి, జెఱ్ఱెల యడవులను ఖనిజసంస్థకు కేటాయించుచు నుత్తరువు వెలువడగా మన్యమంతయు లేచినది. 2019లో ఆ యుత్తరువు రద్దయినది. ఈ నడుమ 2006లో అటవీహక్కుల చట్టము వచ్చి, పోడు నరుకువాడు నేరస్థుడు గాక హక్కుదారుడని చెప్పినది. 1882నుండి ఆ మాటకు నూటయిరువదినాలుగేండ్లు పట్టినది. అనంతగిరియు 2022నుండి విశాఖ జిల్లాలోనిది కాదు, అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది.

నాడు ప్రశ్న వేసిన బాలుడు పెరిగి యుపాధ్యాయుడైనాడు. షెడ్యూలుప్రాంతపు పాఠశాలలలో ఉపాధ్యాయపదవులన్నియు గిరిజనులకేయని 2000లో వచ్చిన యుత్తరువుక్రింద వానికి ఉద్యోగమైనది. 2020 ఏప్రిలులో సుప్రీముకోర్టు ఆ యుత్తరువు చెల్లదని చెప్పి, అప్పటికే జరిగిన నియామకములను షరతుతో నిలువనిచ్చినది. ఆ వేసవి గడచిన పిదప వాడు మా యింటికి వచ్చినాడు. తన యుద్యోగమునుగూర్చి రెండుమాటలు చెప్పి, సమత తీర్పు తెలుగులో వినవలెనని యడిగినాడు. వీధియరుగుమీద కూర్చుండి, నాకు వచ్చినంతలో తెలిగించుచు చదివితిని. నాడు తరగతిలో నేనిచ్చిన జవాబు తప్పని మధ్యలో ఒప్పుకొంటిని. అది తనకు జ్ఞాపకమున్నదని మాత్రమనినాడు. రామస్వామిగారి భాగము ముగియునప్పటికి దీపములు పెట్టు వేళయైనది. పుస్తకము మూయబోవుచుండగా, “ఆ మూడో ఆయన ఏమన్నాడో అదీ చదవండి మాస్టారూ” అన్నాడు. దీపము దగ్గఱకు జరుపుకొని అదియును చదివితిని.