ఫెర్గూసన్ విధానం (ట్రాక్టరు, పనిముట్ల జోడింపు)

ట్రాక్టరు వెనక మూడు చోట్ల పనిముట్టును బిగించి, హైడ్రాలిక్ శక్తితో ఎత్తుతూ దించుతూ నడిపే అమరిక ఇది. ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ (1884–1960), ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. 1936లో ఇది అమ్మకానికి వచ్చింది. ఇవాళ మన ఊళ్లలో తిరిగే ట్రాక్టరు ఏ కంపెనీదైనా, దాని వెనక కనిపించే రెండు కింది చేతులు, పైనున్న టాప్ లింకు ఈ అమరిక సంతానమే. పాత ట్రాక్టర్ల గురించి రాసేవారు సాధారణంగా ఇంజన్ల లెక్కలు, హార్స్‌పవర్ లెక్కలు చెబుతారు. మట్టిని తాకేది మాత్రం పనిముట్టు. అది ట్రాక్టరుతో ఎలా కలిసిందన్నది ఇంజను కథకంటే పెద్ద కథ.

లాగుడు నాగళ్ల కాలం

పందొమ్మిదో శతాబ్దపు ఆవిరి ఇంజన్ల బరువు, ఖర్చు పెద్ద కమతాలకే సరిపడేవి. 1892లో అమెరికాలోని అయోవాలో జాన్ ఫ్రోలిక్ పెట్రోలు ఇంజనుతో ముందుకూ వెనక్కూ నడిచే ట్రాక్టరు తయారు చేశాడు. ఇంగ్లండులో డాన్ ఆల్బోన్ 1902లో తేలికైన ‘ఐవెల్’ తెచ్చాడు. 1917లో హెన్రీ ఫోర్డ్ తయారీ మొదలుపెట్టిన ఫోర్డ్‌సన్‌తో ట్రాక్టరు ధర మామూలు రైతుకు దగ్గరైంది.

ఇవన్నీ గుర్రాలను విప్పి, ఆ చోట ఇంజను కట్టిన యంత్రాలు. నాగలి మునుపటిలాగే వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. దానికి వేరే చక్రాలు, వేరే మీటలు ఉండేవి. గట్టు దగ్గర తిరగడానికి చాలా జాగా కావాల్సి రావడంతో చిన్న మడిలో ఎంతో నేల తిరుగుడుకే పోయేది. చక్రాలు జారకుండా ఉండాలంటే ట్రాక్టరు బరువుగా ఉండాలి. బరువుగా ఉంటే నేల గట్టిపడుతుంది. ఫోర్డ్‌సన్‌తో మరో పెద్ద ప్రమాదం ఉండేది. నాగలి రాయికో వేరుకో తగులుకుని ఆగిపోతే, వెనక చక్రాలు కదల్లేక ట్రాక్టరు ముందు భాగం పైకి లేచి వెనక్కి తిరగబడేది. నడిపేవాడు దాని కింద పడేవాడు. అలా ఎందరో రైతులు చనిపోయారు.

అదే కాలంలో వచ్చిన ఇతర మెరుగులూ తక్కువవి కావు. ఇంజను తిప్పుడు శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ వచ్చింది. 1924లో పైరు సాళ్ల మధ్య నడిచే ఫార్మాల్ ట్రాక్టరు వచ్చింది. 1932లో ఆలిస్ చామర్స్ ట్రాక్టర్లకు గాలి టైర్లు వచ్చాయి. నాగలిని జోడించే సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది.

బెల్‌ఫాస్ట్ నుంచి డియర్‌బోర్న్‌కు

ఫెర్గూసన్ ఉత్తర ఐర్లండులోని కౌంటీ డౌన్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. పొలం పని నచ్చక బెల్‌ఫాస్ట్‌లో మోటారు కార్ల వ్యాపారంలోకి వెళ్లాడు. 1909 డిసెంబరు 31న తాను కట్టిన విమానంలో ఎగిరి, ఐర్లండులో విమానం నడిపిన తొలి మనిషి అయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధంలో తిండిగింజలకు కరువు వచ్చినప్పుడు, 1917లో ఐరిష్ వ్యవసాయ శాఖ ట్రాక్టర్ల పనితీరును చూసే బాధ్యత ఆయనకు అప్పగించింది. సహచరుడు విల్లీ శాండ్స్‌తో ఊరూరూ తిరిగినప్పుడు, లోపం ఇంజనులో కంటే జోడింపులోనే ఎక్కువగా ఉందని ఆయనకు తెలిసివచ్చింది.

ఆ ఏడే చక్రాల్లేని ‘బెల్‌ఫాస్ట్ నాగలి’ తయారైంది. తరువాత ఫోర్డ్‌సన్‌కు సరిపోయే నాగలి చేసి, 1925 నుంచి అమెరికాలోని ఇవాన్స్‌విల్‌లో షెర్మన్ సోదరులతో కలిసి అమ్మాడు. 1928లో ఫోర్డ్ అమెరికాలో ట్రాక్టర్ల తయారీ ఆపేయడంతో ఆ నాగలికి తగిన ట్రాక్టరే లేకుండా పోయింది. పనిముట్టు ఒకరిది, ట్రాక్టరు మరొకరిది అయితే ఎంత కష్టమో ఆ దెబ్బతో తేలిపోయింది. 1933లో ఫెర్గూసన్ బృందం సొంత ట్రాక్టరు నమూనా కట్టింది. నల్లరంగు వేసినందున దానికి ‘బ్లాక్ ట్రాక్టర్’ అనే పేరు నిలిచింది. 1936లో ఇంగ్లండులోని డేవిడ్ బ్రౌన్ కర్మాగారం దీన్ని ఫెర్గూసన్–బ్రౌన్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. ట్రాక్టరు ధర 224 పౌన్లు, పనిముట్టు ఒక్కోటి 26 పౌన్లు. రెక్క నాగలి, బోదె నాగలి, గొర్రు, కలుపు తీసే గొర్రు అని నాలుగు పనిముట్లుండేవి. వీటిని వదిలేస్తే ఆ ట్రాక్టరుతో పెద్దగా పని లేదు, ఆ ట్రాక్టరు లేకుండా ఇవీ పనికిరావు. ఫోర్డ్‌సన్ కంటే ధర ఎక్కువ కావడంతో 1,350 వరకు మాత్రమే తయారయ్యాయి.

1938లో డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ ఎదుట ఫెర్గూసన్ తన ట్రాక్టరుతో దున్ని చూపించాడు. ఇద్దరూ కాగితం మీద ఏమీ రాసుకోకుండా చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. 1939లో ఫోర్డ్–ఫెర్గూసన్ 9ఎన్ వచ్చింది. పెద్దాయన మనవడు హెన్రీ ఫోర్డ్ 2 పగ్గాలు చేపట్టాక ఆ ఒప్పందం తెగిపోయింది. ఫోర్డ్ సంస్థ అదే హైడ్రాలిక్ అమరికతో 8ఎన్ అమ్మడంతో ఫెర్గూసన్ దావా వేశాడు. 1952లో 92.5 లక్షల డాలర్ల పరిహారంతో రాజీ కుదిరింది.

నాగలి నడిచే తీరు

ఈ అమరిక గొప్పతనమంతా టాప్ లింకులో ఉంది. నాగలి నేలలో సాగుతున్నప్పుడు కింది చేతులు దాన్ని లాగుతాయి. మట్టి ఎదురొత్తుకు నాగలి పైభాగం ముందుకు వాలబోతుంది, టాప్ లింకును ట్రాక్టరు వైపు నెడుతుంది. ఆ నెట్టుడు ట్రాక్టరు మీద ఉన్న స్ప్రింగును నొక్కుతుంది. స్ప్రింగు కదలిక హైడ్రాలిక్ పంపు వాల్వును కదుపుతుంది. నేల గట్టిపడి ఎదురొత్తు పెరిగితే నాగలి కొద్దిగా లేస్తుంది, మెత్తబడితే దిగుతుంది. మట్టిలో ఎంత బలం పడుతున్నదో నాగలే కొలిచి హైడ్రాలిక్ పంపుకు చెబుతుందన్నమాట. దీన్నే డ్రాఫ్ట్ కంట్రోల్ అంటారు.

దీనితో మరో రెండు పనులు తీరాయి. నాగలి బరువు, దాని మీది మట్టి బరువు వెనక చక్రాల మీదికి వస్తాయి. అందువల్ల తేలికైన ట్రాక్టరుకూ పట్టు దొరుకుతుంది. టాప్ లింకు ముందుకు నెట్టడంతో ముందు చక్రాలు నేలకు అంటుకుని ఉంటాయి. నాగలి రాయికి తగిలితే వెనక చక్రాల మీది బరువు తగ్గి, అవి ఉన్నచోటే తిరుగుతాయి, బండి తిరగబడదు. రైతు ప్రాణాన్ని కాపాడిన ఈ గుణం ఒక్కటి చాలు, ఈ ఆవిష్కరణను వ్యవసాయ చరిత్రలో ముందు వరుసలో నిలబెట్టడానికి.

టీఈ 20, దాని పరివారం

1946లో కోవెంట్రీలోని బ్యానర్ లేన్‌లో స్టాండర్డ్ మోటార్ కంపెనీ ఫెర్గూసన్ కోసం టీఈ 20 ట్రాక్టరు తయారీ మొదలుపెట్టింది. 1956 దాకా 5,17,651 ట్రాక్టర్లు బయటికి వచ్చాయి. బూడిదరంగు వల్ల బ్రిటన్‌లో దాన్ని ‘చిట్టి బూడిద ఫెర్గీ’ అని ముద్దుగా పిలిచేవారు. సాళ్ల వెడల్పును బట్టి చక్రాల ఎడాన్ని 48 అంగుళాల నుంచి 76 అంగుళాల వరకు మార్చుకోవచ్చు. ట్రాక్టరుకీ పనిముట్లకీ కావలసిన చాలా సర్దుబాట్లకు ఒకే స్పానరు చాలేది. దాని మీద అంగుళాల గుర్తులు చెక్కి ఉండేవి, వాటితో సాలు లోతు కొలుచుకునేవారు.

పనిముట్ల జాబితా మాత్రం చాంతాడంత. రెండు సాళ్ల రెక్క నాగలి, పళ్ళెపు నాగలి, పళ్ళెపు గుంటక, బంగాళాదుంప నాటే యంత్రం, గడ్డి కోత యంత్రం, పశువుల ఎరువు ఎత్తే లోడరు, దాన్ని చల్లే బండి, రంపపు బల్ల, గుంజలకు గుంతలు తవ్వే బర్మా, మట్టి తోడే పార అన్నీ అందులో ఉండేవి. మూడు టన్నుల ట్రక్కుకు ఇరుసును బాగా వెనక్కి పెట్టారు. సరుకు బరువులో కొంత ట్రాక్టరు మీద పడి చక్రాలకు పట్టు ఇస్తుంది. దున్నేటప్పుడు పనిచేసిన సూత్రాన్నే తోలకానికీ వాడుకున్నారు. 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ బృందం పట్టాలు బిగించిన ఫెర్గూసన్ ట్రాక్టర్లతోనే దక్షిణ ధ్రువం చేరింది.

టీఈ 20కి లోటు లేకపోలేదు. పనిముట్టును కోరిన ఎత్తులో నిలిపి ఉంచే పొజిషన్ కంట్రోల్ దానికి లేదు. క్లచ్ తొక్కితే పీటీఓతోపాటు హైడ్రాలిక్ పంపు కూడా ఆగిపోయేది. 1953లో ఫెర్గూసన్ సంస్థ మెస్సీ–హ్యారిస్‌తో విలీనమైన తరువాత, 1956లో వచ్చిన 35 నమూనాతో ఈ రెండూ చాలావరకు తీరాయి.

మద్రాసు మీదుగా తెలుగు పొలాలకు

ఆ 35 నమూనా మనకు ముఖ్యం. 1960లో మద్రాసులో, ఆ విలీనంతో ఏర్పడిన మెస్సీ ఫెర్గూసన్ సహకారంతో ట్రాక్టర్స్ అండ్ ఫార్మ్ ఎక్విప్‌మెంట్, అంటే టాఫే, ఏర్పడింది. అక్కడ తయారైన 1035 నమూనా ఆ 35 వంశానిదే. దాని సింప్సన్ డీజిల్ ఇంజనూ మద్రాసుదే.

పొలంలో తిరుగుడుకు తక్కువ జాగా చాలడం తెలుగు రైతు చిన్న కమతాలకు కలిసివచ్చింది. గట్టు దగ్గర మీట ఎత్తితే గొర్రు లేస్తుంది, తిరిగి దించితే పని మొదలవుతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే స్ప్రింగుల గొర్రు, రాయి తగిలితే కర్రు వెనక్కి వంగి మళ్లీ నిలబడేది, ఫెర్గూసన్ తొమ్మిది కర్రుల గొర్రుకు చాలా దగ్గరి రూపం. మాగాణి దమ్ము మాత్రం బ్రిటన్ ఇంజనీర్లు ఆలోచించని పని. బురదలో నాగలికి ఎదురొత్తు ఉండదు, డ్రాఫ్ట్ కంట్రోల్ కొలవడానికి ఏమీ దొరకదు. అందుకే దమ్ములో పొజిషన్ మీట, దానికి తోడు ఇనుప దమ్ము చక్రాలు ఈ నేల అవసరానికి సరిపడ్డాయి.

సంరక్షణ

బ్రిటన్‌లో ఫెర్గూసన్ క్లబ్, ఫ్రెండ్స్ ఆఫ్ ఫెర్గూసన్ హెరిటేజ్ వంటి సంఘాలు పాత ట్రాక్టర్లను వాటికి తగిన పనిముట్లతో సహా కాపాడుతున్నాయి. సేకరించేవారికి ట్రాక్టరు దొరకడం కంటే జత పనిముట్టు దొరకడమే కష్టం. ట్రాక్టరును షెడ్డులో దాచుకున్న రైతులు కూడా పనిముట్లను పాత ఇనుము కింద అమ్మేశారు. దొరికిన వాటికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఫెర్గూసన్ కొలతలే తరువాత కేటగిరీ 1 ప్రమాణంగా నిలిచాయి. దాని కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పైది 19. అందువల్ల 1940ల నాటి ఫెర్గూసన్ నాగలిని నేటి చిన్న ట్రాక్టరుకు తగిలించినా నేరుగా సరిపోతుంది.