ఎడమ అణువు, కుడి అణువు

మీ ఎడమ చెప్పులో కుడి కాలు పెట్టి చూడండి. రెండు చెప్పులకూ తోలు ఒకటే, కొలత ఒకటే, అయినా పాదం ఇమడదు. కొన్ని అణువులూ అంతే. పరమాణువులు అవే, కట్టుబడి అదే. కాని అద్దంలో బొమ్మలాగా ఒకటి ఎడమ వాటం, ఇంకొకటి కుడి వాటం. మన ఒంట్లోని ప్రొటీన్లు దాదాపు అన్నీ ఎడమ వాటపు అమైనో ఆమ్లాలతో అల్లినవే. అందుచేత మందుబిళ్లలో ఉన్నది ఏ వాటపు అణువో తెలియడం ప్రాణావసరమే అవుతుంది.

1848లో ఫ్రాన్సులో పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలను చేత్తో ఏరి రెండు కుప్పలు పోశాడు. ఒక కుప్ప ద్రావణం ధ్రువణ కాంతిని ఒక పక్కకు తిప్పింది, రెండోది ఎదురు పక్కకు. ధ్రువణ కాంతి అంటే ఒకే తలంలో కంపించే కాంతి. అన్ని పదార్థాల స్ఫటికాలూ అంత తేలిగ్గా విడిపోవు సుమండీ!

1928లో కలకత్తాలో రామన్ మరో దారి చూపించాడు. అణువులు చెదరగొట్టిన కాంతిలో ఆ అణువుల కంపనాల గుర్తులుంటాయి. మరి ఎడమ అణువూ కుడి అణువూ కాంతిని వేరువేరుగా చెదరగొడతాయా? రెండేళ్లకే, 1930లో, మన ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు వెంకటేశ్వరన్‌తో కలిసి ఆ ప్రశ్న వేశారు. తేడా కనబడిందన్నారు. అది పదార్థంలోని మలినాల వల్ల వచ్చిందని తరవాత తేలింది. ఫలితం తప్పయినా, వెతికిన చోటు సరైనదేనని నా అభిప్రాయం. వాళ్లు వాడింది మామూలు కాంతి. కావలసింది మరమేకు చుట్టులా తిరుగుతూ సాగే వృత్త ధ్రువణ కాంతి. అదే ఏడు కాస్లర్ ఫ్రాన్సులో ఆ కాంతితోనే ప్రయత్నించాడు గాని, ఆనాటి పరికరాలకు అంత సూక్ష్మత లేదు.

ఎందుకు లేదంటారా? ఆ తేడా వెయ్యిలో ఒక వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. లేజరు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. 1969లో ఆట్కిన్స్, బారన్ సిద్ధాంతం చెప్పారు. 1973లో కేంబ్రిడ్జిలో బారన్, బొగార్డ్, బకింగ్‌హామ్ ఆ తేడాను కొలిచి చూపారు. ఇప్పుడు ప్రొటీన్లనూ వైరస్‌లనూ స్ఫటికాలుగా మార్చకుండా, నీళ్లలో ఉండగానే ఈ పద్ధతిలో పరిశీలిస్తున్నారు.

ఒక కార్బన్, దాని చుట్టూ హైడ్రోజన్, ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్. ఈ వాటాల సంగతి చెప్పడానికి మాలాంటి పంతుళ్లం నల్లబల్ల మీద గీసే బొమ్మ అదే. ఆ అణువులో ఏ వాటం కాంతిని ఏ పక్కకు తిప్పుతుందో ఈ పద్ధతితో నిర్ధారించింది 1997లో.