టేకు చేవ: మన అడవి కర్ర ఎవరి ఇంటికి పోయింది?

లింగాల ఘనపూర్ మండలంలో నేను పనిచేసే ఊళ్లో ఒక పాత పెంకుటిల్లు ఉంది. ఇప్పుడు అందులో ఎవరూ ఉండడం లేదు. పైకప్పు సగం కూలింది, మట్టి గోడలు వానలకు కరిగిపోయాయి. దర్వాజ మాత్రం నిలబడే ఉంది. ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకుపోయాను. ఒక పిల్లవాడు తలుపును వేళ్లతో కొట్టి చూసి, "సార్, దీనికి చెదలు ఎందుకు పట్టలేదు?" అని అడిగాడు. టేకు కర్ర కాబట్టి అన్నాను. వెంటనే ఒక అమ్మాయి, "మన దిక్కు టేకు అడవి లేదు గదా సార్, మరి ఎక్కడినుంచి తెచ్చిన్రు?" అంది.

మొదటి ప్రశ్నకు జవాబు సైన్సు పుస్తకంలో దొరుకుతుంది. రెండో ప్రశ్నకు జవాబు మన చరిత్ర. జనగామ వైపు చెల్క భూములు, చెరువులు, తాటిచెట్లు ఉంటాయి. అడవి కావాలంటే తూర్పుకు పోవాలి. నేను ఆ తూర్పు నుంచే, కొత్తగూడ అడవి అంచు నుంచి వచ్చిన కోయవాణ్ణి. అందుకే ఆ అమ్మాయి ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు.

ముందు కర్ర సంగతి చూద్దాం. చాలా చెట్ల మొద్దు కోస్తే అంచున లేతరంగు చెక్క, లోపల ముదురు రంగు చెక్క కనబడతాయి. లోపలి దాన్ని మన వడ్లవాళ్లు చేవ అంటారు. టేకు చేవ బంగారు గోధుమ రంగులో ఉంటుంది. అందులో నూనెవంటి పదార్థం, కొద్దిగా రబ్బరు గుణం ఉన్న పదార్థం, టెక్టోక్వినోన్ అనే రసాయనం ఉంటాయి. చెదలూ బూజూ దాని జోలికి సులభంగా రాకపోవడానికి కారణం ఇవే. అంచు చెక్కకు ఈ గుణం లేదు, దాన్ని చెదలు తింటాయి. టేకు ఎండకు, వానకు ఎక్కువగా ఉబ్బదు, కుంచించుకుపోదు, వంకర తిరగదు. ఇనుప మేకు కొడితే మేకును తుప్పు పట్టించదు. పైగా మరీ బరువు కాదు. బాగా ఎండిన టేకు ఘనపు మీటరుకు దాదాపు 650 కిలోలు తూగుతుంది. మన నల్లమద్ది 800 దాటుతుంది. టేకులో ఇసుకవంటి సిలికా ఉండడంతో రంపం పళ్లు తొందరగా మొద్దుబారుతాయి. ఆ ఒక్క ఇబ్బంది తప్పితే తలుపుకు, కిటికీకి, పెట్టెకు, పడవకు ఇంత అనువైన కర్ర అరుదు. గోదావరి లోయ టేకుకు చారల అందం ఎక్కువని కలప వ్యాపారంలో పేరుంది.

అయితే మన పెద్దలకు టేకు ఒక్కటే మంచి చెట్టు కాదు. మా తాత పనికొక కర్ర చెప్పేవాడు. ఇంటి మొగురాలకు, దూలాలకు నల్లమద్ది. గొడ్డలి కామకు, బండి ఇరుసుకు చిరుమాను, ఎందుకంటే అది దెబ్బను ఓర్చుకుంటుంది, టేకు పగులుతుంది. నాగలికి, బండి చక్రానికి నల్లతుమ్మ. రోకలికి చండ్ర. డోలుకు గుమ్మడిటేకు, తేలికగా ఉండి బాగా మోగుతుంది కాబట్టి. గోడ తడికెకు, గుమ్మికి వెదురు. ఇప్ప చెట్టును మాత్రం నరకనిచ్చేవాడు కాదు. పువ్వు, గింజ ఇచ్చే తల్లిని ఎట్లా నరుకుతామనేవాడు. ఏ కర్ర ఏ నెలలో కొడితే పురుగు పట్టదో కూడా ఆయనకు లెక్క ఉండేది. ఇది కూడా చదువే. బడిలో చెప్పని చదువు.

సర్కార్ల చూపు వేరు. వాళ్ల కన్ను ఒక్క టేకు మీదనే పడింది. దీని మొదలు మన దగ్గర కాదు, సముద్రం ఒడ్డున ఉంది. ఇంగ్లండులో ఓడలకు ఓక్ కర్ర కరువైనప్పుడు తూర్పు ఇండియా కంపెనీ మలబారు టేకు వైపు చూసింది. బొంబాయి ఓడల రేవులో వాడియా కుటుంబం టేకుతో యుద్ధనౌకలు కట్టింది. 1817లో అక్కడ నీటిలోకి దింపిన ట్రింకోమలీ అనే ఓడ నేటికీ ఇంగ్లండులోని హార్ట్‌లీపూల్‌లో తేలుతూనే ఉంది. ఆ కర్ర కోసమే 1806లో కంపెనీ మలబారులో వాట్సన్ అనే అధికారిని అడవుల కన్సర్వేటర్‌గా పెట్టింది. టేకు ఎవరి భూమిలో ఉన్నా సర్కారుదే అన్నారు. జనం, వ్యాపారులు మొరపెట్టుకోగా 1823లో మద్రాసు గవర్నర్ మన్రో ఆ పదవిని రద్దు చేశాడు. ఆ ఆలోచన మాత్రం పోలేదు. 1840లలో నిలంబూరులో టేకు తోటలు మొదలయ్యాయి. 1864లో అటవీశాఖ, 1865లో, 1878లో అటవీ చట్టాలు వచ్చాయి. అప్పటిదాకా అడవిలో మనుషులకు ఉన్న హక్కు, ఆ తర్వాత సర్కారు ఇస్తే పుచ్చుకునే సౌకర్యం అయిపోయింది.

మనం ఉన్నది నిజాం రాజ్యం. ఇక్కడ కూడా అదే దారి నడిచింది. టేకు వంటి విలువైన జాతులను సర్కారు తనకు ప్రత్యేకించుకుంది. 1880లలో సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడకు రైలు పట్టాలు పడ్డాయి. జనగామ స్టేషన్ ఆ దారిలోనే ఉంది. కోయలు ఉండే ఇల్లందులో బొగ్గు గనులు తెరిచారు. పట్టాల కింద స్లీపర్లకు, గనుల పైకప్పు కూలకుండా నిలబెట్టే మొద్దులకు కర్ర కావాలి. పట్నాల మేడలకు, దొరల గడీలకు స్తంభాలు, దర్వాజలు కావాలి. మా పక్కనే ఉన్న పెంబర్తిలో గుడి తలుపులకు, రథాలకు ఇత్తడి రేకు తొడిగే పనివాళ్లు పేరుపొందారు. ఆ రేకు మెరుపు అందరికీ కనబడుతుంది, దాని లోపలి కర్ర ఎవరికీ గుర్తురాదు.

తూర్పున గోదావరే బాట అయింది. పచ్చి టేకు మొద్దు నీటిలో సరిగా తేలదు. బర్మాలో అందుకే చెట్టు మొదట్లో చుట్టూ బెరడు, అంచు చెక్క కోసి, చెట్టు నిలబడే ఎండేట్టు రెండు మూడేళ్లు వదిలి తర్వాత కొట్టేవాళ్లు. గోదావరి మీద మొద్దులను వెదురుతో కలిపి తెప్పలు కట్టి రాజమండ్రి దాకా పంపేవాళ్లు. కొట్టింది, ఈడ్చింది, తెప్ప కట్టింది కొండరెడ్లు, కోయలు. లాభం మైదానం వ్యాపారులది. నిజాం రాజ్యంలో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో అచ్చయిన తన పుస్తకంలో, కలప, వెదురు వ్యాపారుల కింద కొండరెడ్లు పడిన బాధలు రాశాడు. అంతకు ఐదేళ్ల ముందే, 1940లో, జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం ఇచ్చాడు. పశువుల మేతకు పన్ను, వంటచెరకుకు పన్ను, పోడు కొడితే కేసు అన్న రోజులవి. ఆయన భూమితోపాటు అడవినీ అడిగాడంటే కారణం ఇదే.

రాజ్యం మారినా కర్ర లెక్క మారలేదు. హైదరాబాదు చట్టం పోయి 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. కర్ర కదలాలంటే పర్మిట్, మొద్దు మీద సుత్తి ముద్ర ఉండాలి. ముద్ర ఉన్న కర్ర సరుకు, ముద్ర లేని కర్ర నేరం. మా ఇంట్లో చెప్పుకునే సంగతి ఒకటుంది. గాలివానకు పడిన టేకు చెట్టును తాత ఇంటి నిట్టాడికి తెచ్చుకున్నాడు. ఇల్లు నిలబడిన నెలకు కర్ర చూడడానికి ఉద్యోగులు వచ్చారు. జరిమానా కోసం ఎడ్ల జతలో ఒకదాన్ని అమ్మాల్సి వచ్చింది. ఆ ఏడు ఒంటి ఎద్దుతో, పక్కింటివాళ్ల ఎద్దును బదులు తీసుకుని దున్నారు. నిట్టాడి తీసేసి నల్లమద్ది పెట్టారు. ఆ తర్వాత మా ఇంట్లో టేకు అనే మాట మెల్లగా పలికేవాళ్లు. మా అడవి టేకు ఇక్కడి పాత దర్వాజల్లో ఉంది, మా ఇంట్లో ముక్క లేదు. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు అదే.

నిజం రాసేటప్పుడు రెండో వైపు కూడా రాయాలి. కాపలా అసలే లేకపోతే వ్యాపారులు ఈపాటికి అడవిని ఊడ్చేసేవాళ్లు. రాత్రిపూట కూలికి టేకు మోసిన మనవాళ్లు కూడా ఉన్నారు. మోసినవాడు జైలుకు పోయాడు, కొన్నవాడి పేరు కేసులోకి రాలేదు. ఇంకో నష్టం కూడా జరిగింది. చాలాచోట్ల రకరకాల చెట్లున్న అడవిని తీసి వరుసల్లో టేకు తోటలు పెట్టారు. టేకు తోటలో ఇప్ప పువ్వు రాలదు, తునికి పండు దొరకదు. దూరం నుంచి చూసేవాళ్లకు అదీ అడవే. బతికేవాళ్లకు మాత్రం కాదు.

యువకులు తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం అంటే పోడు పట్టా ఒక్కటే అనుకుంటున్నాం. ఆ చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్యం ఇచ్చింది, కలపను అందులో చేర్చలేదు. అయితే సంస్థానాల కాలంలో ఊరికి ఉన్న వాడుక హక్కులను గుర్తించింది. ఊరి సామూహిక అడవిని కాపాడి, పెంచి, నడుపుకునే హక్కును 3వ సెక్షన్‌లో రాసింది. బడి, అంగన్‌వాడీ వంటి 13 రకాల అవసరాలకు, గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా అడవి భూమి ఇవ్వవచ్చని చెప్పింది. ఈ హక్కులకు గ్రామసభ తీర్మానం కావాలి. తీర్మానంలో మన అడవిలో ఏ చెట్లున్నాయో, వాటిని దేనికి వాడుకున్నామో రాయగలగాలి. ఆ వివరం ముసలివాళ్ల నోట్లో ఉంది, కాగితం మీద లేదు.

అందుకే తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలతో ఊరి పాత ఇళ్లు చూపించండి. మొగురం ఏ కర్ర, వాసం ఏ కర్ర, నాగలి ఏ కర్ర అని అడిగి రాయించండి. చెట్టు పేరు తెలుగులో, కోయలో, లంబాడీలో, ఏ ఇంటి మాటలో ఉంటే ఆ మాటలో రాయించండి. టేకు మోడు కనబడితే వలయాలు లెక్కపెట్టించండి. టేకులో ఏడాది వలయాలు స్పష్టంగా ఉంటాయి, వానల చరిత్రను శాస్త్రవేత్తలు వాటి నుంచి చదువుతున్నారు. ఏ వలయం దగ్గర రైలు వచ్చిందో, ఏ వలయం దగ్గర చట్టం వచ్చిందో మనం కూడా చదవవచ్చు.

మా బడి పిల్లలు ఇప్పటికి ఒక నోటుబుక్కులో ఇరవై ఒక్క కర్రల పేర్లు రాశారు. దర్వాజ గురించి అడిగిన ఆ అమ్మాయే మొదటి పేజీ రాసింది. సంక్రాంతి సెలవుల్లో ఆ పుస్తకం మా ఊరికి తీసుకుపోయి పెద్దమనుషులకు చదివి వినిపించాను. మా చిన్నతాత విని, ఇంకో తొమ్మిది చెప్పాడు.