రాగిరేకులూ సన్నాయి మేళమూ

వాద్యబృందం అనగానే మన చదువుకున్నవాళ్లకు పాశ్చాత్య ఆర్కెస్ట్రా గుర్తొస్తుంది. 1824లో తొలిసారి వినిపించిన బీథోవెన్ తొమ్మిదవ సింఫనీని ఈనాటికీ వాయిస్తున్నారంటే కారణం స్పష్టమే. ఏ వాద్యం ఏ స్వరం పలకాలో కాగితం మీద ఉంది. మరి కర్నూలు, కడప సీమల వాద్యబృందం ఏది? సన్నాయి మేళం. సన్నాయిలు, డోళ్లు, శ్రుతి, తాళం. గుడిలోనూ పెళ్లిపందిట్లోనూ మోగే ఈ మేళానికి ఆధారం కాగితం కాదు, మనుషులు.

రాయలసీమ సాహిత్యమంటే కడప సీమలోని తాళ్లపాకను, అన్నమయ్యను (1408–1503) తలుచుకుంటాం. ఆయన సంకీర్తనలు వేలకొద్దీ రాగిరేకులకెక్కి తిరుమలలో నిలిచాయి. అయితే ఆ రేకుల మీద ఉన్నది సాహిత్యమూ, రాగం పేరూ. స్వరం లేదు. "ఇది అన్నమయ్య పాడిన బాణీయేనా సార్?" అని తరగతిలో పిల్లలడిగితే కాదనే చెబుతాను. నేడు వింటున్న బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు కూర్చినవి.

రేకు మీద మిగిలిన రాగం పేరుకు ప్రాణం ఎక్కడినుంచి వచ్చింది? తరతరాలుగా రాగాన్ని గొంతులో, ఊపిరిలో నిలిపినవాళ్ల నుంచి. వారిలో సన్నాయి పట్టిన నాయీబ్రాహ్మణులున్నారు, దూదేకుల ముస్లింలున్నారు. క్షురకవృత్తి చేసిన చేతులే కల్యాణి పలికించాయి. నమాజు చేసే మనిషే దేవుడి పల్లకి ముందు నడిచాడు. మన చరిత్రల్లో వీరికి దక్కిన చోటెంత?

ఈ విద్య ఉన్నచోటే ఆగిపోలేదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది కళాశాలకూ చేరింది. షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులు కర్నూలు శారదా సంగీత కళాశాలలో కె. చంద్రమౌళి వద్ద నాదస్వరం నేర్చి, తర్వాత శ్రీరంగంలో షేక్ చినమౌలానా శిష్యులయ్యారు. 2020లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. మగవారిదే అనుకున్న వాద్యాన్ని ఒక స్త్రీ భర్తతో సమంగా వాయించడం ఈ పరిణామంలో చిన్న విషయం కాదు.

కానీ పురస్కారం ఇద్దరికి వచ్చినంతమాత్రాన మేళం నిలవదు. నేడు ఎన్నో గుళ్లలో హారతి వేళ కరెంటు డోలు మోగుతోంది. యంత్రాన్ని తిట్టి లాభం లేదు. వాయించినందుకు పూట గడవకపోతే ఏ తండ్రి కొడుక్కి నేర్పుతాడు? సింఫనీ కాగితం మిగిలితే ఎప్పుడైనా మళ్లీ వాయించవచ్చు. ఇక్కడ ఒక తరం నేర్వకపోతే ఆ బాణీ అంతటితో సరి.

కనుక యువ రచయితలకు, విద్యార్థులకు నా విన్నపం ఒకటే. మీ ఊళ్లో మేళం వాయించే పెద్దాయన దగ్గర కూర్చోండి. ఎవరి దగ్గర నేర్చాడో, ఏ వేళకు ఏ రాగం వాయిస్తాడో, దానికి ఏం ముడుతుందో రాసుకోండి. సాహిత్య చరిత్రకు అదీ ఆధారమే.