చలికాలపు చేపలు ఎవరివి?

టెక్సాస్, లూసియానా తీరాల్లో ‘ట్రౌట్’ అంటే కొండవాగుల్లో ఈదే చేప కాదు. ఒంటినిండా నల్లచుక్కలుండే ఉప్పునీటి చేప. రెడ్‌ఫిష్‌కి దగ్గర చుట్టం. రెండూ డ్రమ్ కుటుంబానివే. పొట్టలోని గాలితిత్తిని కండరాలతో అదిలించి డప్పు కొట్టినట్టు చప్పుడు చేస్తాయి కాబట్టి ఆ పేరు.

చలి ముదిరితే తీరంలోని లోతు తక్కువ నీళ్ళు త్వరగా చల్లబడిపోతాయి. అప్పుడీ చేపలు లోతైన గుంటల్లోకి, ఓడల కోసం తవ్విన కాలవల్లోకి దిగి గుంపులుగా ఉంటాయి. ఆ చోట్లు తెలిసినవాళ్ళకి అదొక పండగ. చేపలకి మాత్రం అదే ఆఖరి ఆశ్రయం.

రెడ్‌ఫిష్ చరిత్ర అనగానే అందరూ చెప్పే కథ ఒకటుంది. పాల్ ప్రుడోమ్ అనే వంటగాడు 1979లో న్యూ ఓర్లీన్స్‌లో రెస్టారెంటు తెరిచాడు. చేపముక్కని వెన్నలో ముంచి, మసాలా అద్ది, ఎర్రగా కాలిన ఇనప పెనం మీద నల్లగా మాడ్చి వడ్డించాడు. దేశమంతా ఆ వంటకం వెంటపడింది. పెద్ద పడవలు గల్ఫ్‌లోకి వెళ్ళి, గుడ్లు పెట్టే పెద్ద చేపల గుంపులని వలలతో చుట్టేశాయి. 1986లో ఫెడరల్ ప్రభుత్వం అత్యవసరంగా అడ్డుపడాల్సి వచ్చింది. గల్ఫ్‌లోని ఫెడరల్ జలాల్లో రెడ్‌ఫిష్ పట్టడం ఇప్పటికీ నిషేధమే.

కథ నిజమే, కానీ సగమే. ఆ వంటకం మోజు దేశమంతా పాకకముందే టెక్సాస్‌లో తగాదా ముదిరింది. 1977లో హ్యూస్టన్‌లో గాలం సరదా ఉన్న కొందరు ఒక సంఘం పెట్టారు. వలలవల్ల చేపలు కరిగిపోతున్నాయన్నది వాళ్ళ వాదన. 1981లో శాసనసభ వాళ్ళ మాట విన్నది. టెక్సాస్ నీళ్ళలో పట్టిన రెడ్‌ఫిష్, ట్రౌట్ అమ్మడం నేరమైంది. పట్టుకోవచ్చు, ఇంటికి తీసుకెళ్ళి వండుకోవచ్చు, అమ్ముకోకూడదు. అంటే, సరదాకి పట్టేవాడికి చేప మిగిలింది, బతుకుతెరువుకి పట్టేవాడికి పోయింది. చేపని కాపాడిన చట్టమే చేప ఎవరిదో కూడా తేల్చేసింది. ఈ రెండో సంగతిని విజయగాథల్లో ఎవరూ పెద్దగా చెప్పరు.

వలలు పోయినా చలి పోలేదు. 1983 డిసెంబరు గడ్డకట్టు చలికి టెక్సాస్ తీరంలో కోటికి పైగా చేపలు చచ్చిపోయాయని రాష్ట్రశాఖ లెక్క. 1989లో రెండుసార్లు, 2021 ఫిబ్రవరిలో మరోసారి అదే జరిగింది. 2021లో చచ్చినవి సుమారు 38 లక్షలు. రెడ్‌ఫిష్ చలికి కాస్త ఓర్చుకుంటుంది, ట్రౌట్ ఓర్చుకోలేదు. ఈసారి నిందించడానికి వల లేదు. కాబట్టి తగ్గాల్సింది గాలమే. ఒక్కొక్కరు రోజుకి పట్టుకోగల ట్రౌట్‌ల సంఖ్యని 2024లో 5 నుంచి 3కి తగ్గించారు. అదే ఏడాది జనవరి చలిలో, చేపలు తలదాచుకునే కొన్ని లోతైన చోట్ల చేపలు పట్టడాన్ని కొన్నిరోజులు పూర్తిగా ఆపేశారు.

1981లో వలకారులని అడిగింది బతుకునే వదులుకోమని. ఇప్పుడు గాలం వేసేవాళ్ళని అడుగుతున్నది ఏడాదిలో కొన్ని చల్లని రోజులు, రోజుకో రెండు చేపలు. ఇది కూడా ఎక్కువే అని ఎవరైనా అంటే, పాత లెక్క ఒకసారి గుర్తుచేయాలి.