బందరు పేటలు: ఒక పగటి నడక

'బందరు' అన్న మాట మనది కాదు, పారశీకులది. వారి భాషలో దానికి రేవు అని అర్థం. గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుంచి అద్దకపు బట్టలతో బయలుదేరిన ఓడలు ఇరాను తీరాన బందర్ అబ్బాసు చేరేవి. అంటే ఒక బందరు నుంచి మరొక బందరుకు! మనం 'బందరు రేవు' అన్నప్పుడల్లా పునరుక్తి దోషమే చేస్తున్నామన్నమాట. అయినా వాడుక ముందు వ్యాకరణం నిలుస్తుందా?

ఊరిపేరే ఇంత చెబితే పేటల పేర్లు ఇంకెంత చెబుతాయో చూడాలని ఒకనాడు బెజవాడలో తెల్లవారుజాము బస్సెక్కి, సుమారు 70 కిలోమీటర్లు ప్రయాణించి కోనేరు సెంటరులో దిగాను. అక్కడినుంచి కాలినడకే.

వలందపాలెంలో హాలండువారి పేరు మిగిలింది. తెలుగువాని నోట హాలండు 'వలంద' అయింది. 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే వారిక్కడ వర్తకశాల పెట్టుకొన్నారు. పరాసుపేట ఫ్రెంచివారిది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడిచేసి వారి కోటను పట్టుకొన్నాడు. అయినా ఊళ్లో వారికొక చిన్న స్థలం 1947 దాకా ఉండనే ఉంది. ఇంగ్లీషుపాలెం పేరుకు వివరణ అక్కరలేదు. 'గ్లోబు' అనే ఓడలో వచ్చిన ఇంగ్లీషు వర్తకులు 1611లో ఇక్కడ కొఠీ తెరిచారు. అప్పటికి చెన్నపట్నం ఇంకా పుట్టనేలేదు.

మన ఇళ్లలోని అలమార, పీపా, మేస్త్రి వంటి పోర్చుగీసు మాటలు కూడా ఇలా ఓడ దారిన వచ్చినవే. తెలుగు ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టలేదు. లోపలికి పిలిచి, అజంతం చేసి, తన బిడ్డగా చూసుకొంది.

మిట్టమధ్యాహ్నం డచ్చివారి సమాధుల దగ్గర నిలబడ్డాను. నల్లరాతి పలకలపై వంశచిహ్నాలూ అక్షరాలూ ఎంతో శ్రద్ధగా చెక్కి ఉన్నాయి. పరదేశంలో పోయినవారి పేర్లు మూడువందల ఏళ్లుగా నిలిచి ఉన్నాయి. సంతోషమే. కానీ 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఈ ఊరిమీద విరుచుకుపడినప్పుడు సుమారు 30,000 మంది పోయారు. వారిలో నేతగాళ్లున్నారు, అద్దకందారులున్నారు, పల్లెకారులున్నారు, పసిపిల్లలున్నారు. వారి పేర్లు ఏ రాతిమీద ఉన్నాయి? వర్తకుడికి రాయి దక్కింది. అతడు కొన్న బట్టను అద్దిన చేతికి అదికూడా దక్కలేదు.

అయితే ఆ చేయి మరొక గుర్తు వదిలిపోయింది. సాయంత్రం దగ్గరలోని పెడన వెళ్లాను. కరక్కాయ నీటిలో తడిపి ఆరవేసిన బట్టమీద టేకు చెక్క అచ్చులు వరుసతప్పక పడుతున్నాయి. ఇనుపతుప్పు, బెల్లం ఊరబెట్టిన నీటితో నలుపు వస్తుంది. పటిక అద్దినచోట ఎరుపు పట్టుకొంటుంది. పూర్వం ఆ ఎరుపు ఈ తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరు ఇచ్చేది. తరువాతి కాలంలో దాని స్థానాన్ని అలిజరిన్ ఆక్రమించింది. ఐరోపా దొరసానులు మోజుపడిన బట్ట ఇదే. కలంకారీ అంటున్నాం గాని ఇక్కడ కలంకన్న అచ్చుదే పెద్దరికం. కలంతో గీసే పని శ్రీకాళహస్తిది.

2023లో మంగినపూడి ప్రాంతంలో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. మంచిదే, బందరు మళ్లీ పేరుకు తగ్గ బందరు కావాలి. కాని రేవుతోపాటు రోడ్లూ కాలనీలూ వస్తాయి, వాటికి కొత్త పేర్లూ వస్తాయి. వలందపాలెం, పరాసుపేట వంటి పేర్లు చెరిగిపోతే రాతలేనివారి చరిత్రకున్న ఆ కాస్త ఆధారమూ పోతుంది. శాసనాలను కాపాడటానికి ప్రభుత్వ శాఖలున్నాయి. మాటలను కాపాడవలసింది మాత్రం వాటిని పలికే మనమే. మిత్రులారా, మీ ఊరి పేటల పేర్లెలా వచ్చాయో ఇంట్లో పెద్దలుండగానే అడిగి రాసిపెట్టండి.