ఎవరా కల్ప్రిట్?

అల్మారాలో జంతికల డబ్బా ఖాళీ అయితే "ఎవరా కల్ప్రిట్?" అని నవ్వుతూ అడుగుతాం. ఇంగ్లీషు రానివాళ్లకీ వచ్చిన ఇంగ్లీషు మాట అది. పుట్టింది మాత్రం నవ్వులాటలో కాదు, కోర్టులో.

లాటిన్‌లో 'కల్పా' అంటే తప్పు. దాన్నించే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి 'కల్పబుల్' వచ్చింది. నింద మోయవలసినవాడని అర్థం. నార్మన్లు గెలిచిన తర్వాత ఇంగ్లండు కోర్టుల్లో చాలాకాలం ఫ్రెంచే నడిచింది. ముద్దాయి "నేను నిర్దోషిని" అనగానే, గుమాస్తా "నువ్వు కల్పబుల్‌వే, రుజువు చెయ్యడానికి సిద్ధం" అని ఫ్రెంచిలో బదులిచ్చేవాడట. కాగితం మీద అంత వాక్యం ఎందుకని 'కల్', 'ప్రిట్' అని రెండు ముక్కలు గీకేవాళ్లు. (మన కరణాల గొలుసుకట్టు రాతకి వీళ్లూ చుట్టాలే!) ఫ్రెంచి మరిచిపోయిన తరం ఆ రెండు ముక్కలూ కలిపి చదివి, ముద్దాయిని పిలిచే పిలుపు కాబోలనుకుంది. నిఘంటువులు చెప్పే కథ ఇదీ.

ఆ పిలుపుతో మొదట రికార్డుకెక్కినవాడు పెంబ్రోక్ ప్రభువు, 1678లో. లండన్‌లో ఓ సారాకొట్లో ఒక మనిషిని చితకబాదాడు. ఆ మనిషి కొన్నాళ్లకి పోయాడు. తోటి ప్రభువులే కూర్చుని విచారించి, ఇది నరహత్యేగాని హత్య కాదన్నారు. గొప్పింటివాడికి మినహాయింపు ఉంది కనుక కోర్టు ఫీజులు కట్టి ఇంటికి వెళ్లిపోయాడు. మన పల్లెల్లో 'తప్పు' అంటే జరిమానా కూడాను. ఆయనగారు తప్పు చేసి, తప్పు కట్టాడన్నమాట!

హత్యకీ నరహత్యకీ మధ్య ఆ గీతను ఇంగ్లీషువాళ్లు మనకీ తెచ్చారు. మెకాలే 1837లో చిత్తుప్రతి తయారుచేసిన పీనల్ కోడ్ 1860లో చట్టమైంది. అందులో 299వ సెక్షన్ 'కల్పబుల్ హోమిసైడ్'. చంపాలనుకున్నాడా, చస్తారని తెలిసీ చేశాడా అని అది మనసులోకి తొంగిచూస్తుంది. తెలిసి చేస్తే, హత్య కాకపోయినా పదేళ్ల దాకా జైలు. ఒట్టి నిర్లక్ష్యమైతే 1870లో చేర్చిన 304-ఎ ఉంది. అది కల్పబుల్ కాని చావుల కోసమని ఆ సెక్షనే చెబుతుంది. దానికి రెండేళ్లకి మించి లేదు.

'తెలుసు'కీ 'తెలియదు'కీ మధ్య ఎనిమిదేళ్లు. ఆ తేడా ఎంతటిదో భోపాల్‌లో తేలింది. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విషవాయువు నిద్రలో ఉన్న వేలమందిని పొట్టన పెట్టుకుంది. కంపెనీ అధికారుల మీద ముందు కల్పబుల్ హోమిసైడ్ అనే కేసు పెట్టారు. ఆ రాత్రి జనం చస్తారని వాళ్లకి తెలుసనడానికి ఆధారం లేదంటూ 1996లో సుప్రీంకోర్టు దాన్ని 304-ఎకి దించింది. చివరికి 2010 జూన్ 7న ఏడుగురికి రెండేసి ఏళ్లు శిక్షపడింది. ఆ రోజే బెయిలూ దొరికింది. ఇరవయ్యైదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన ఆడవాళ్లు ఆ మాట విని ఏమనుకుని ఉంటారు? నాకైతే ఊహించబుద్ధి కాలేదు.

2024 జూలై 1 నుంచి కొత్త సంహిత వచ్చింది. 299 కాస్తా 100 అయింది. నిర్లక్ష్యానికి శిక్ష అయిదేళ్ల దాకా పెరిగింది. అది 1984 నాటి ఆ రాత్రికి మాత్రం వర్తించదు.